తలదెబ్బ – మలివయసు మతిమరపు

తలకు బొప్పి కట్టినచో తడిగుడ్డ వేసి, వాపు తీయగానే మరచిపోవుట మన యలవాటు. కాని మెదడునకు తగిలిన అదురు అంత సులభముగ తీరదు.

ముష్టియోధులు కొందరు తడబడు నడకతో, మందగించిన బుద్ధితో బాధపడుచుండుటను 1928లో అమెరికా వైద్యుడు హారిసన్ మార్ట్‌లండ్ ప్రకటించెను. 1973లో ఇంగ్లండునందు కోర్సెలిస్ బృందము 15 మంది ముష్టియోధుల మెదళ్లను మరణానంతరము పరీక్షించి, అందలి క్షీణతను వర్ణించెను.

మెదడు మెత్తనిది. తల అదరినపుడు అందలి సన్నని నాడీతంతువులు సాగి దెబ్బతినును. వాని లోపలి కట్టడమునకు పట్టునిచ్చు టౌ అను మాంసకృత్తు వికృతిచెంది, కొందరిలో ఏండ్ల తరబడి పేరుకొనుచుండును.

తలదెబ్బ తిన్న ప్రతివారికిని మతి చెడునని భయపడనక్కరలేదు. ముప్పు మాత్రము పెరుగును; దెబ్బ తీవ్రమైనకొలది, పలుమారులైనకొలది హెచ్చును. 2020లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణసంఘము, మతిమరపు వ్యాధికి మనము మార్చుకొనదగిన 12 కారణములలో దీనిని చేర్చెను.

కావున తల అదరిన ఆటగాడు పూర్తిగ కోలుకొనక మరల బరిలో దిగరాదు. ద్విచక్రవాహనమెక్కు యువకుడు శిరస్త్రాణమును నేటి ప్రాణమునకే కాక, వృద్ధాప్యమున బిడ్డల పేర్లు గుర్తుండుటకును ధరింపవలెను.