మైదానమును పాఠశాలయే



పదవ తరగతి రాగానే బిడ్డలను ఆట మాన్పించుట విరుదునగరులోను, కోవిల్‌పట్టిలోను పరిపాటియైనది. కోవిల్‌పట్టి హాకీ మైదానమును ఒకసారి తలచుకొనుడు. అరియలూరు బాలుడు కార్తి సెల్వం ఇచ్చటి క్రీడా వసతిగృహమున శిక్షణ పొందెను. 2022లో జకార్తాలో, ఆసియా కప్పున, భారతజట్టు తరఫున ఆడిన తొలి పోటీలోనే పాకిస్తానుపై గోలు చేసెను. కోవిల్‌పట్టి బిడ్డ మారీశ్వరన్ శక్తివేల్ కూడ ఆ జట్టులో నుండెను. మనకు కాంస్యము లభించెను. 2023లో చెన్నైలో భారతదేశము ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ గెలిచినప్పుడు, జట్టులోని ఏకైక తమిళనాడు ఆటగాడు కార్తియే.

అందరు బిడ్డలును జకార్తా చేరలేరు. కాని ఓటమిని ఓర్చుట, తోటివానికి బంతి నందించుట మైదానమే నేర్పును. సాయంకాలము ఒక్క గంట వారికి విడువుడని ప్రార్థించుచున్నాను.