బాలపాఠకుల విన్నపము

పాఠ్యపుస్తకము చాటున నవల చదువుచున్న శిష్యుని చేతినుండి నేనొకనాడు దానిని లాగికొంటిని. తరువాత వేరొక పాఠశాల వృత్తాంతము తెలిసి సిగ్గుపడితిని.

అమెరికాలోని టల్సా నగరమున హింటన్ అను బాలిక 15వ యేట వ్రాయనారంభించిన ‘ది అవుట్‌సైడర్స్’ నవల 1967లో వెలువడినది. 1980లో కాలిఫోర్నియాయందలి యొక పాఠశాల బాలబాలికలు నూర్గురికి పైగా సంతకములు చేసి, దానిని చలనచిత్రముగా తీయుడని కపోలా అను దర్శకుని వేడిరి. వారి పక్షమున లేఖ వ్రాసినది ఆ పాఠశాల గ్రంథాలయోద్యోగిని. 1983లో చిత్రము విడుదలయైనది. రచయిత్రియు నందు నర్సు వేషమున కనబడిరి. విడిచిన ఘట్టములేవని పాఠకులడుగగా, 2005లో కొన్నిటిని చేర్చి మరల విడుదల చేసిరి.

పిల్లల అభిరుచిని మన్నించిన పెద్ద యొకరు అచట నుండిరి. నా తరగతిలో లేకపోయిరి. ఆ నవల నేటికిని నా బీరువాలోనే యున్నది. ఆ శిష్యుడు ఈ ప్రసంగము వినుచున్నచో, వచ్చి తీసికొనిపోవుగాక.