ఉప్పులోని సోడియము

ప్రతి వంటింట నుండు ఉప్పులో సోడియ మను లోహము కలదు. దాని పరమాణువున కేంద్రకము చుట్టును 11 ఎలక్ట్రానులు 2, 8, 1 చొప్పున మూడు కక్ష్యలలో నుండును. వెలుపలి ఒంటరి ఎలక్ట్రానును తొలగించుటకు 5.14 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలును. రెండవదానికి 47.3 కావలయును, అనగా తొమ్మిది రెట్లకు పైమాట!

ఇందులకు కారణమేమి? మొదటిది దూరస్థము, కేంద్రకపు ఆకర్షణను లోపలి పదియు దానికి చాలవరకు మరుగుపరచును. తరువాతి ఎనిమిదియు కేంద్రకమునకు చేరువ. వానికి లోపలి అడ్డు రెండే. అరుగుపై బాటసారిని లేపుట సులభము. నట్టింటివారిని కదల్చుట కష్టము. లిథియము, పొటాసియములకును ఇదే న్యాయము.

ఇట్టి శక్తులు వర్ణపటములవలన తెలియును. వాల్తేరున ఆచార్య కొచ్చెర్లకోట రంగధామరావుగారు అయనీకృత పరమాణువుల వర్ణపటములను పరిశోధించిరి.

నీటితో ఉగ్రముగ పోరు లోహము, ఒక్క ఎలక్ట్రానును విడిచినంతనే శాంతించి, అన్నమునకు రుచియైనది.