టవర్ లోపలి రింగుల కథ

(సంఘ సభ్యుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు తెలిసిన విషయం ఏదైనా ఇరవై నిమిషాలు మాట్లాడండి. బి.పి., షుగర్ల జోలికి మాత్రం వెళ్ళకండి, వాటికి డాక్టరుగారు వస్తున్నారు" అన్నారు. నాకు బాగా తెలిసింది ఒకటే: టవర్లు, వాటిలో నింపే ప్యాకింగు. ప్లాంటులో పనిచేసినవారికి ఇది పాత పాటే. అందుచేత వారి ఇంట్లోవారికి చెబుతున్నట్టుగా చెబుతాను. అన్నేళ్ళు క్యారియర్ కట్టి షిఫ్టుకి పంపినవారికి, ఆ పొడుగాటి గొట్టాల్లో ఏం జరిగేదో తెలుసుకునే హక్కు ఉంది.

మీ ఇంట్లో ఎయిర్ కూలర్ చూసే ఉంటారు. గడ్డి తడకల మీద నీళ్ళు కారుతుంటాయి, ఫ్యాను వాటి గుండా గాలిని లాగుతుంది. అంతకు ముందు కాలంలో వట్టివేళ్ళ తడకలు కట్టి చేత్తో నీళ్ళు చల్లేవాళ్ళం. ఆ గడ్డి చేసే పని ఏమిటి? నీటిని పలచగా పరచడం. అదే నీటిని బకెట్లో పోసి ఫ్యాను ముందు పెడితే గది చల్లబడదు. గాలి తగిలేది పైపొరకే కదా. మా టవర్లలోనూ ఇంతే. కింద నుంచి గ్యాసు ఎక్కుతుంది, పైనుంచి ద్రవం దిగుతుంది. గ్యాసులో వద్దనుకున్నది ద్రవంలో కరిగిపోవాలి. అలా జరగాలంటే రెండూ ఒకదానికొకటి వీలైనంత విస్తారంగా తగలాలి. అందుకు లోపల నింపేదే ప్యాకింగు.

ఈ ఆలోచన పాతదే. ఇంగ్లండులో ఉప్పు నుంచి సోడా తయారుచేసే ఫ్యాక్టరీలు హైడ్రోక్లోరిక్ ఆసిడ్ పొగను ఊళ్ళ మీదికి వదిలేవి. చుట్టుపక్కల చెట్లు మాడిపోయేవి. 1836లో విలియం గాసేజ్ అనే ఆయన ఒక పాడుబడ్డ గాలిమరను ముళ్ళపొదలతో, కంపతో నింపి, పైనుంచి నీళ్ళు వదిలి, పొగను దాని గుండా పంపాడు. ఆసిడ్ నీళ్ళలో కరిగిపోయింది. 1863లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి, ఆ పొగలో నూటికి 95 పాళ్ళు పట్టి తీరాలని శాసించింది. పట్టడం సాధ్యమని చూపించిన టవరు ముందే ఉండబట్టి కదా, చట్టం అలా అడగగలిగింది! (పట్టిన ఆసిడ్‌ను చాలామంది పక్కనున్న వాగుల్లో కలిపారన్నది వేరే కథ.)

కంప తరువాత కోక్, రాళ్ళు, పగిలిన పెంకులు నింపేవారు. ఇవి ఒకచోట దట్టంగా, ఒకచోట వదులుగా సర్దుకునేవి. మొదటి ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు, జర్మనీలో లుడ్విగ్స్‌హాఫెన్‌కు చెందిన ఫ్రెడరిక్ రాషిగ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చిన్న గొట్టపు ముక్కలు వాడాడు. ఎంత ఎత్తో అంతే వ్యాసం. ఆ కొలతలోనే ఉంది తెలివంతా. అలాంటి ముక్కను ఎలా పడేసినా ఒకే వైపుకు ఒరగదు, కుప్ప అంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మా సభ్యులు చాలామంది చేతుల్తో ఎత్తిన రాషిగ్ రింగులు ఇవే.

ఒక లెక్క చెబుతాను. అంగుళం సైజు పింగాణీ రింగులు ఒక ఘనపు మీటరులో సుమారు 190 చదరపు మీటర్ల ఉపరితలం ఇస్తాయి. మీటరు వ్యాసం ఉన్న టవర్లో ఆరు మీటర్ల ఎత్తు నింపితే దాదాపు 900 చదరపు మీటర్లు. మన భాషలో 22 సెంట్ల నేల. అంత నేలను మడతపెట్టి ఓ మూలగదిలో నిలబెట్టినట్టన్నమాట!

మరి ఇంకా చిన్న రింగులు వేసి ఇంకా ఎక్కువ నేల సంపాదించవచ్చు కదా అని పిల్లలు అడగవచ్చు. సంపాదించవచ్చు. కాని గ్యాసుకు దారి ఇరుకవుతుంది. గ్యాసు వేగం పెరిగేకొద్దీ దిగే నీటిని అది ఎదురు తోస్తుంది. ఒక హద్దు దాటితే నీరు దిగడం మానేసి టవర్లోనే నిలిచి, పైనుంచి పొంగుతుంది. దీన్నే ఫ్లడింగ్ అంటాం. కంట్రోల్ రూములో ప్రెజర్ డ్రాప్ ముల్లు ఒక్కసారిగా లేచిన రాత్రులు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. అందుకే డిజైను చేసేటప్పుడు ఆ హద్దు వేగంలో 70, 80 శాతం దగ్గరే ఆగుతాం. తరువాత వచ్చిన పాల్ రింగుల గోడకు కిటికీలు కోసి, ఆ రేకును నాలుకల్లా లోపలికి వంచారు. గ్యాసు రింగు చుట్టూ తిరగనక్కరలేదు, మధ్య నుంచే పోతుంది. అంగుళం పింగాణీ రింగుల కుప్పలో ఖాళీ నూటికి 70 దాకా ఉంటే, అదే సైజు స్టీలు పాల్ రింగుల్లో 94. గుర్రపు జీను ఆకారంలో శాడిల్స్, పాలీప్రొపిలీన్ రింగులు, ముడతల రేకులను పొరలుగా పేర్చిన ప్యాకింగు, ఇలా రకాలు వచ్చాయి. మణుగూరు భారజల కర్మాగారంలో చివరి దశ వాక్యూమ్ డిస్టిలేషన్. మామూలు నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే భారజలం 101.4 దగ్గర మరుగుతుంది. అంత స్వల్ప తేడాతో విడదీయాలంటే గ్యాసుకు అడ్డు అతి తక్కువగా ఉండే ప్యాకింగే కావాలి.

ఏ ప్యాకింగైనా తనకు లెక్కకట్టిన పనే చేస్తుంది. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో విషవాయువు లేచినప్పుడు, అక్కడా కాస్టిక్ సోడా పోసే ప్యాక్డ్ టవరు ఒకటి ఉంది. అది సిద్ధంగా నడుస్తున్న స్థితిలో లేదు. నడుస్తున్నా, వచ్చిన వాయువు దాని డిజైనుకు ఎన్నో రెట్లు ఎక్కువ. స్క్రబ్బర్ ఉంది అన్న మాట విన్నప్పుడల్లా, ఎంతకు లెక్కకట్టారు, ఇవాళ నడుస్తోందా అని నేను అడుగుతూనే ఉంటాను. మా ఇంట్లో దీన్ని చాదస్తం అంటారు.

రింగులు నింపడం కూడా ఒక విద్యే. పింగాణీ రింగులను పైనుంచి కుమ్మరిస్తే పగులుతాయి. అందుకని ముందు టవర్లో నీళ్ళు నింపి, ఆ నీళ్ళలోకి వదిలేవాళ్ళం, మెల్లగా మునుగుతాయి. షట్‌డౌన్లలో పాతవాటిని మ్యాన్‌హోల్ గుండా బయటికి లాగి, జల్లెడ పట్టి ముక్కలు వేరుచేసేవారు. ఆ పనికి వచ్చిన కాంట్రాక్టు కూలీల పేర్లు ఏ రిజిస్టరులోనూ మిగల్లేదు.

ఇంతా చెప్పి అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఎంత ఖరీదైన ప్యాకింగు వేసినా, పైన నీరు సమంగా పడకపోతే అంతా వృథా. కాఫీ ఫిల్టరులో పొడి మీద చిల్లుల బిళ్ళ ఎందుకు పెడతారో ఇంట్లో ఆడవారికి నేను చెప్పనక్కరలేదు. టవర్లో ఆ బిళ్ళ పేరు డిస్ట్రిబ్యూటర్. చదరపు మీటరుకు 60 నుంచి 100 ధారలు సమంగా పడాలి. పైగా రింగుల మీద దిగే నీరు పోనుపోను గోడవైపు జరుగుతుంది కనుక, మధ్య మధ్య దాన్ని పట్టి మళ్ళీ పంచాలి. డిజైను కాగితాల్లో ప్యాకింగుకు పది పేజీలు, దీనికి అరపేజీ ఉండటం నేను చాలాసార్లు చూశాను.

సర్వీసులో చూసిన ఒక ఫ్యాక్టరీ ముచ్చట. పేరు అనవసరం. అమ్మోనియా పట్టే స్క్రబ్బర్లో పింగాణీ తీసి కొత్త పాల్ రింగులు వేశారు. అయినా సాయంత్రమయ్యేసరికి పక్క ఊళ్ళో ఘాటు, పిల్లల కళ్ళ వెంట నీళ్ళు. ఊరిపెద్దలు గేటు దగ్గర కూర్చున్నారు. ఆఫీసులో ఇంకా ఖరీదైన ప్యాకింగుకు టెండరు రాశారు. అప్పుడు సీనియర్ ఫిట్టర్ ఒకాయన, "సార్, ఒక్కసారి మూత తీయించండి" అని, మేస్త్రీలు వాడే రసమట్టం జేబులో పెట్టుకుని పైకెక్కారు. డిస్ట్రిబ్యూటర్ తొట్టి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒక అంచున నీటి ఎత్తు 40 మిల్లీమీటర్లు, ఇంకో అంచున 60. రంధ్రంలోంచి పడే నీరు ఆ ఎత్తుకు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది కనుక, ఒక పక్క ధార ఇంకో పక్కకన్నా 22 శాతం ఎక్కువ. పైగా నీరు తక్కువగా పడే వైపు రంధ్రాలు కొన్ని సున్నం పట్టి మూసుకుపోయాయి. గ్యాసు ఆ ఆరిన వైపు నుంచి హాయిగా పైకి పోతోంది. రంధ్రాలు పొడిచి, షిమ్ములు పెట్టి మట్టం చేశారు. ఒక పూట పని. ఘాటు తగ్గింది, టెండరు రద్దయింది.

ఆ ఫిట్టర్‌గారు ఇప్పుడు మూడో వరుసలో కూర్చుని ఉన్నారు. పేరు చెబితే ఊరుకోరు. లెక్కల విషయం ఏదైనా ఉంటే నన్ను అడగండి, మట్టం విషయమైతే ఆయన్ని అడగండి.