పద్యనాటకం - పీసపాటివారి గొంతు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను విద్వాంసుణ్ణి కాను. గుమ్మలక్ష్మీపురంలో గుమాస్తాగిరీ చేస్తూ, పండగలకి ముఖానికి రంగు పూసుకున్నవాణ్ణి. ఆ అర్హతతోనే నాలుగు మాటలు చెబుతాను.

ఐరోపాలో ఆపెరా అని పాటతో నడిచే నాటకం ఉంది. వేషాలు లేకుండా బైబిలు కథని నిలబడి పాడితే దాన్ని ఒరటోరియో అంటారు. మగగొంతుల్లో హెచ్చు స్థాయిది టెనార్. ఇటలీ దేశపు కరూసో (1873-1921) ఆ గొంతుతోనే లోకప్రసిద్ధుడయ్యాడు. మైకు లేకుండా, అంత వాద్యబృందాన్నీ దాటి చివరి వరుసకి మాట చేరాలి. మన పద్యనాటకం నటుడిదీ అదే కష్టం. పైగా మనవాళ్లు బయలు ప్రదేశంలో, మంచులో, తెల్లవార్లూ పాడాలి!

అటువంటి గొంతుల్లో మన ప్రాంతం చెప్పుకోదగ్గది పీసపాటి నరసింహమూర్తిగారిది. 1920లో బలిజిపేట దగ్గర వంతరాంలో జన్మించారు. 2007లో కన్నుమూశారు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో శ్రీకృష్ణుడంటే మన వైపు ఆయనే. అంతకు ముందు ఈలపాట రఘురామయ్యగారు రాగంతో, ఈలతో జనాన్ని ఊపేసేవారు. పీసపాటివారు రాగం తగ్గించి మాటని నిలబెట్టారు. నాకు ఇదే సబబుగా తోస్తుంది. సంధికి వచ్చిన రాయబారి అరగంట రాగం తీస్తే కౌరవసభ లేచిపోదూ?

నేనూ ఒకసారి అర్జునుడి వేషంలో రాగం మీద రాగం తీసి, ఆఖరి పాదం మరిచిపోయాను. హార్మోనియం ఆయన అదే స్వరం రెండుసార్లు వాయించి, తల వంచుకునే పాదం అందించి నన్ను గట్టెక్కించారు.

ఆయన గురించే అసలు చెప్పాలి. పార్వతీపురంలో బస్సు టాపు మీద పెట్టె కట్టించుకుని, కురుపాం మీదుగా వచ్చేవారు. రాత్రంతా వాయించి, ఇచ్చింది పుచ్చుకుని తెల్లారి బస్సుకే వెళ్లిపోయేవారు. వేళ్లు వంగని వయసులో ఒకరోజు మా ఇంటికి వచ్చి, "ముసలి కళాకారులకి గవర్నమెంటు పింఛను ఇస్తాదట గదా బాబూ, కాగితం రాసిపెట్టు" అన్నారు. ప్రదర్శనలకి రుజువులేవీ అన్నాను. ఆయన దగ్గర ఒక్క కరపత్రం కూడా లేదు. "నాలుగు రోజులాగి రండి" అన్నాను. ఆ మాట సీట్లో కూర్చున్న రోజుల్లో మనమంతా ఎంతమందితో అన్నామో! ఆయన మరో రెండుసార్లు వచ్చారు. రెండుసార్లూ అదే చెప్పాను. తరవాత రాలేదు.

ఆయన పోయాక, మా ఆవిడ పాతపెట్టె సర్దుతుంటే మూడు కరపత్రాలు దొరికాయి. పైన పెద్ద అక్షరాల్లో అర్జునుడుగా నా పేరు. అడుగున చిన్న అక్షరాల్లో హార్మోనియం అని ఆయన పేరు. రుజువు నా ఇంట్లోనే ఉంది.

వాటిని ఇవాళ తెచ్చాను, కార్యదర్శిగారి బల్ల మీద ఉన్నాయి. మన చుట్టుపక్కల రంగు వేసినవాళ్లు, మద్దెల వాయించినవాళ్లు ఇంకా కొందరున్నారు. మీ ఇళ్లలో పాత కరపత్రాలు, ఫొటోలు ఉంటే వచ్చే సమావేశానికి తీసుకురండి. దరఖాస్తులు నేను రాస్తాను. కళ్లద్దాలు కూడా కొత్తవి వేయించుకున్నాను.

సెలవు.