పాత కారు హీట్ ఎక్కుతోందా? ముందు "ఎప్పుడు?" అని అడగండి

ఎండలు ముదిరాయి, షెడ్డుకి రోజూ ఇదే కంప్లయింట్ వస్తోంది. "ఇంజన్ హీట్ ఎక్కుతోందండీ, ఎక్కడికి వెళ్లాలన్నా భయంగా ఉంది" అని. ఈ ఎపిసోడ్‌లో దాని గురించే మాట్లాడుకుందాం. కొత్త బళ్ల సంగతి కాదు. మారుతి 800, జెన్, పాత శాంత్రో, ఇట్లాంటి పదిహేనేళ్లు, ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్ల సంగతి.

మన దగ్గర సాధారణంగా ఏం జరుగుతుందంటే, ఒక షెడ్డులో థర్మోస్టాట్ మారుస్తారు. తగ్గదు. ఇంకో షెడ్డులో రేడియేటర్ మారుస్తారు. తగ్గదు. మూడో చోట "హెడ్ దించాలి సార్" అంటారు. ఆ మాట వినగానే ఓనరుకి బండి అమ్మేద్దామనిపిస్తుంది. పాత 800కి హెడ్ పని అంటే బండి ధరలో పెద్ద ముక్కే పోతుంది కదా. అంత ఖర్చు చేశాక కూడా తగ్గకపోతే? అలాంటివీ వస్తాయి.

అందుకని నేను బానెట్ ఎత్తకముందే అడుగుతాను. ఎప్పుడు హీట్ ఎక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద స్పీడుగా పోతున్నప్పుడా, లేక పొద్దున స్టార్ట్ చేసిన కాసేపటికేనా? ఈ మూడు ఒకటి కాదు.

సిగ్నల్ దగ్గర ఎక్కి, రోడ్డు ఖాళీ అయ్యాక దిగుతోందంటే గాలి సమస్య. బండి పరుగెడుతుంటే గాలి దానంతటదే రేడియేటర్‌లోకి కొడుతుంది. ఆగితే ఫ్యానే దిక్కు. హైవే మీద ఎక్కుతోందంటే అక్కడ గాలికి కొదవ లేదు, కాబట్టి నీళ్ల వైపు చూడాలి. కూలెంట్ తగ్గిందా, రేడియేటర్ లోపల పూడిందా, వాటర్ పంప్ తిప్పుతోందా, థర్మోస్టాట్ పూర్తిగా తెరుచుకుంటోందా. ఇక చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతోంటే, అప్పుడు మాత్రం హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. ఇంకా వేడెక్కని నీళ్లకి అంత ప్రెషర్ ఎక్కడిదండీ? సిలిండర్‌లోంచి వస్తోందన్నమాట.

ఈమధ్య విజయవాడలోనే ఒక మాస్టారి 800 వచ్చింది. రిటైరయ్యాక కొనుక్కున్న బండి కాదు, ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆయన చేతిలోదే. థర్మోస్టాట్ కొత్తది, రేడియేటర్ కొత్తది. "హెడ్ దించాలన్నారండీ, మీరు కూడా ఒక మాట చెబితే అమ్మేస్తాను" అన్నారు. నేను అడిగిందే అడిగాను. "గుంటూరు వెళ్లొస్తే ఏం కాదండీ, బెంజ్ సర్కిల్ దగ్గర ఆగితే ముల్లు పైకి పోతుంది" అన్నారు. అంటే గాలి. కానీ ఫ్యాన్ తిరుగుతోంది! ముందు చూసినవాళ్లందరూ అక్కడే ఆగిపోయారు. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఫ్యాన్ మంచిదే అనుకున్నారు.

ఒక న్యూస్‌పేపర్ ముక్క తీసుకుని, బండి ముందు వైపు నుంచి రేడియేటర్‌కి ఆనించాను. ఈ బళ్లలో ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి గాలిని లోపలికి లాగాలి, పేపర్ జాలీకి అతుక్కోవాలి. అతుక్కోలేదు, నా మీదకి ఎగిరొచ్చింది. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది. విప్పి చూస్తే, ఎప్పుడో ఫ్యాన్ మోటార్ మార్చినప్పుడు కనెక్టర్ కోసేసి, రెండు వైర్లూ చేత్తో మెలేసి టేపు చుట్టారు. ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. డీసీ మోటార్ కదా, వైర్లు మారిస్తే తిరిగే దిక్కు మారిపోతుంది. ఇంజన్ వేడిగాలినే రేడియేటర్ మీదకి ఊదుతోంది, అదీ రెక్కల ఒంపుకి ఎదురు కాబట్టి బలం లేకుండా. వైర్లు సరిచేశాం, అరగంట ఐడిల్‌లో పెట్టాం. ఫ్యాన్ ఆన్ అవుతోంది, ముల్లు దిగుతోంది, మళ్లీ ఆగిపోతోంది. బండి ఇంకా మాస్టారి దగ్గరే ఉంది.

ఫ్యాన్ అసలు తిరగకపోతే పని ఇంకా తేలిక. ఫ్యాన్ స్విచ్ కనెక్టర్ పీకి, రెండు పిన్నులూ చిన్న వైరుతో కలపండి. తిరిగిందంటే మోటార్, ఫ్యూజు బాగున్నాయి, స్విచ్ పోయింది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటార్ వరుసగా చూసుకోవాలి. చేతులు మాత్రం దూరంగా పెట్టండి. ఏసీ బండి అయితే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య టార్చి వేసి చూడండి. ఆ సందులో మట్టి, పురుగులు, ఆకులు మేట వేసి ఉంటాయి, బయటికి కనబడవు. అంబాసిడర్ వాళ్లకి ఈ స్విచ్ గొడవ లేదు, ఫ్యాన్ వాటర్ పంప్ పుల్లీకే ఉంటుంది, బెల్టు బిగువు చూసుకుంటే చాలు.

నీళ్ల వైపు వస్తే, మన బోరు నీళ్లే సగం శత్రువు. ఏళ్ల తరబడి అవే పోస్తే లోపల ట్యూబుల్లో తెల్లటి పొర కడుతుంది. ఇంజన్ వేడయ్యాక ఆపేసి, ఫ్యాన్ కనెక్టర్ పీకి, రేడియేటర్ మీద చెయ్యి దగ్గరగా పెట్టి జరపండి. మధ్యలో ఒకచోట చల్లగా తగిలితే అక్కడ ట్యూబులు పూడినట్టే. పై పైపు కాలిపోతూ, కింది పైపు అస్సలు వేడెక్కకపోతే నీళ్లు సరిగ్గా తిరగట్లేదు. ముల్లు పైకి పోయినా పై పైపు చల్లగానే ఉంటే థర్మోస్టాట్ మూసుకునే ఉండిపోయింది, లేదా నీళ్లే లేవు.

రేడియేటర్ మూత గురించి ఎవరూ పట్టించుకోరు. చాలా మూతల మీద 0.9 అని ఉంటుంది. అంత ప్రెషర్ నిలబడితే మామూలు నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు పోయి ప్రెషర్ నిలవకపోతే 100 దగ్గరే మరిగి డబ్బాలోకి పొంగిపోతాయి. కొన్ని వందల్లో వచ్చే మూత అది. ఇదే కారణం చేత వేడి మీద మూత తిప్పొద్దు. ప్రెషర్ పోయిన క్షణంలో లోపలి నీళ్లన్నీ ఒక్కసారి మరిగి మొహం మీదకి వస్తాయి.

ముల్లుని కూడా గుడ్డిగా నమ్మకండి. కూలెంట్ సెన్సార్ కిందికి దిగిపోతే సెన్సార్‌కి ఆవిరే తగులుతుంది, ముల్లు ఒక్కసారిగా కిందికి పడిపోతుంది. "హమ్మయ్య, చల్లబడింది" అనుకుని తోలేస్తారు, హెడ్ అక్కడ వంగిపోతుంది.

హెడ్ దించమని చెప్పినవాళ్లని రుజువు అడగండి. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే లీక్ టెస్టర్ ఉంటుంది, నీలం రంగు ద్రవం. సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తుంటే పసుపు తిరుగుతుంది. ఆయిల్ మూత కింద కాస్త కాఫీ రంగు నురగ ఉంది కదా అని ఒప్పుకోకండి, రోజూ దగ్గర దగ్గర తిరిగే బండికి చెమ్మ వల్ల కూడా అది పడుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మొత్తం పాలకాఫీలా ఉంటే అది వేరు.

కామెంట్లలో చాలామంది అడిగారు, "మనది వేడి దేశం, థర్మోస్టాట్ తీసేస్తే పోలా?" అని. తియ్యకండి. ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. పూడిన రేడియేటర్ అలాగే ఉంటుంది, మే నెలలో బయటపడుతుంది. అనుమానంగా ఉంటే దాన్ని ఊడదీసి గిన్నెలో నీళ్లలో వేసి స్టవ్ మీద పెట్టండి. దాని మీద 82 అనో 88 అనో ఉంటుంది, ఆ దగ్గర్లో తెరుచుకోవాలి. మరిగే నీళ్లలో కూడా తెరుచుకోకపోతే కొత్తది వెయ్యండి.

రేడియేటర్ ఫ్లషింగ్ ఇంట్లో ఎలా చేసుకోవాలో వచ్చే ఎపిసోడ్‌లో చూపిస్తాను. ఉంటానండీ.