పాసుపుస్తకంలో పేరు

స్మారకోపన్యాసంలో పోయినవాళ్ళను తలచుకోవడం ఆనవాయితీ. ఇవాళ కంబదూరులో నేను ఉండిపోయినవాళ్ళ గురించి మాట్లాడతాను. అప్పులబాధతో రైతు ఆత్మహత్య అన్న వార్త, మృతుడికి భార్యాపిల్లలు ఉన్నారన్న వాక్యంతో ముగుస్తుంది. ఆ చివరి వాక్యంలోని మనిషి తర్వాత ఏమవుతుంది? నేనెవరిని అన్న ప్రశ్నకు ఆమె మళ్ళీ జవాబు ఎట్లా వెతుక్కుంటుంది? ఆమె ఏళ్ళ తరబడి చేస్తున్న సేద్యానికి ఆమెనే రైతుగా ఊరూ సర్కారూ ఒప్పుకుంటే తప్ప ఆ జవాబు దొరకదన్నది నా వాదం. ఓదార్పు అవసరమే, కానీ అది అక్కడిదాకా తీసుకుపోలేదు.

ఈ సీమ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ వచ్చినప్పుడు వచ్చినట్టు. లోతు లేని ఎర్రనేల. ఒక దశలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడెనిమిది లక్షల హెక్టార్లలో శెనక్కాయ ఒక్కటే వేశారు. పదును చూసి విత్తితే సరిపోదు, ఊడలు దిగేటప్పుడు నేలలో తడి ఉండాలి. ఆ పది పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. ఈ పంటలో ఎవరి పని ఎంతో చూడండి. విత్తనానికి కాయలు ఒలిచి, బూజు పట్టిన గింజలు ఏరేది ఆడవాళ్ళు. గొర్రు వెనక నడిచి విత్తనం వదిలేది, కలుపు తీసేది, చెట్టు పీకి కాయలు తెంపేది ఎక్కువగా వాళ్ళే. బోరు ఎక్కడ వేయాలి, ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తేవాలి అన్నవి మాత్రం మగవాడి నిర్ణయాలు. రాళ్ళు పగిలినా నీళ్ళు పడని బోర్ల అప్పు ఎంతో చాలామంది భార్యలకు తెలిసేది భర్త పోయాకే. చేసిన పనికి పేరు లేదు, చేయని అప్పుకు బాధ్యత ఉంది. ఆమె దుఃఖానికి ఈ రెండో బరువు కూడా తోడవుతుంది.

అప్పుడు మొదలవుతుంది విచారణ. 2004 జూన్ 1న వచ్చిన 421వ నంబరు జీవో ఇట్లాంటి కుటుంబాలకు లక్షన్నర సాయం ప్రకటించింది. 2015లో అది ఐదు లక్షలు, 2019లో ఏడు లక్షలు అయింది. సాయం న్యాయమైనదే, ఇంకా పెంచాలి. దాన్ని ఇచ్చే పద్ధతితోనే నాకు పేచీ. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు వచ్చి ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, భర్త పాసుపుస్తకం, బ్యాంకు కాగితాలు, ప్రాంసరీ నోట్లు అడుగుతారు. చావు సేద్యపు అప్పుల వల్లనే అని రుజువు కావాలి. కౌలురైతు భార్యయితే చూపించడానికి భూమి కాగితమే ఉండదు. అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన గ్రంథంలో, గాయపడిన మనిషి తేరుకోవడానికి మొదట భద్రత కావాలనీ, ఆ తర్వాతే జరిగినదాన్ని తన మాటల్లో చెప్పుకుని ఏడవగలగాలనీ, అటుపైన లోకంతో మళ్ళీ కలవాలనీ వివరించింది. ఇక్కడ వరస తలకిందులు. భద్రత దొరకకముందే చెప్పమంటున్నాం, అదీ అధికారి కోరిన మాటల్లో, నమ్ముతారో లేదోనన్న భయంతో. ఆ కాగితాల్లో ఆమె మృతుడి భార్య, ఆశ్రితురాలు. ఆమె ఎన్ని ఎకరాలు సాగుచేస్తుందో చెప్పే గడి ఉండదు.

ఊరు చేసేది కూడా తక్కువేమీ కాదు. బొట్టు, గాజులు తీయించి, శుభకార్యాలకు ఎదురు రావద్దంటుంది. వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించినప్పుడు అది గొప్ప తెగువ. అయినా ఆ సంస్కరణ కూడా ఆమెను మళ్ళీ ఒకరి భార్యను చేసి నిలబెట్టింది. ఎవరి భార్యా కాకుండా ఆమె ఎవరు అన్న ప్రశ్న మనకు మిగిలే ఉంది.

దానికి కొంత జవాబు ఈ జిల్లాలోనే ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది మన నార్పల మండలం బండ్లపల్లిలో. ఆడకూ మగకూ ఒకే కూలి అన్న నియమం, మస్టరులో ఆమె పేరు, ఆమె ఖాతాలో డబ్బు: ఇవి కూలికి సంబంధించిన చిన్న ఏర్పాట్లే. కానీ ఫలానా వాని పెండ్లాం అని కాక సొంత పేరుతో ఆమెను పిలిచే చోటు ఒకటి ఏర్పడింది. పొదుపు సంఘంలో సంతకం కూడా అట్లాంటిదే. భూమి విషయంలోనూ చట్టం ఆమె పక్షానే ఉంది. భర్త వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అతని ఆస్తిలో పిల్లలతోనూ అత్తతోనూ సమానంగా ఆమెకు వాటా ఉంది. 2007 జాతీయ రైతు విధానం రైతు అన్న నిర్వచనంలో కౌలుదార్లనూ వ్యవసాయ కూలీలనూ కలిపింది. అయినా పాసుపుస్తకం మామ పేరునో, బావ పేరునో ఉండిపోతే బ్యాంకు అప్పు, పంట నష్టపరిహారం అన్నీ ఆ పేరు వెంటే పోతాయి.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. భర్తను మింగిన సేద్యాన్నే ఆమె నెత్తిన పెట్టడం న్యాయమా? కొట్టిపారేయలేని ప్రశ్న. అతన్ని మింగింది సేద్యమంతా కాదు. ఒకే పంట, ఎండిన బోరు, ఎవరికీ చెప్పుకోకుండా మోసిన అప్పు. కొర్ర, సజ్జ, కంది కలిపి వేసుకుని, సంఘం తోడుతో నెట్టుకొచ్చే సేద్యం వేరు. అది కూడా కరువును గెలుస్తుందని నేను మాటివ్వలేను. కానీ భూమిని ఉంచుకోవాలా, గుత్తకు ఇవ్వాలా, వదిలి బెంగళూరు పోవాలా అన్నది ఆమె తేల్చుకోవాలంటే ముందు అది ఆమెది కావాలి. హక్కు చేతిలో ఉంటేనే వదులుకోవడం కూడా నిర్ణయమవుతుంది.

మరో మాట: మనసుకు తగిలిన గాయాన్ని కాగితాలు మాన్పుతాయా? మాన్పవు. నిద్ర పట్టని మనిషికి, తానూ పోవాలనుకునే మనిషికి వైద్యం కావాలి. అదీ దూరంలో లేదు. మన పొరుగు బళ్ళారిలోనే 1980లలో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా మానసిక వైద్యం అందించి చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా. అయితే ఆ డాక్టరు దగ్గరికి పోవడానికి బస్సు చార్జీ, ఒక పూట కూలి వదులుకునే వీలు, ఇంట్లో ఎవరినీ అడగక్కరలేని స్వతంత్రం కావాలి. వైద్యం పేరుతో హక్కును వాయిదా వేయవద్దన్నదే నా అభ్యంతరం.

సభలో సర్పంచులు, ఉపాధ్యాయులు, సంఘాల లీడర్లు ఉన్నారు. మీ ఊళ్ళో అట్లాంటి ఇల్లు మీకు తెలుసు. వచ్చే ఖరీఫ్ విత్తనాల పంపిణీలోపే వారసత్వపు మ్యుటేషన్ అర్జీ పెట్టించండి, కౌలు సేద్యమైతే సాగుదారు హక్కు పత్రానికి ఆమె పేరు రాయించండి. రాత్రిపూట భయమేస్తే మాట్లాడటానికి టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, ఏ వేళైనా తెలుగులో పలుకుతారు. ఆ నంబరు ప్రతి రేషన్ షాపు గోడ మీదా రాయించండి.